మేయర్లందరూ చుట్టాలు కాదు: ఒక డచ్, జర్మన్ ఇంటిపేరు ఆనుపానులు తీసే పద్ధతి

ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లకు ముగ్గురు మేయర్లు తగిలే ఉంటారు. మూలకాల పరమాణు ఘనపరిమాణాల వక్రం గీసిన లోథర్ మేయర్ ఒకరు. సీపీ మైనస్ సీవీ ఈజ్ ఈక్వల్ టు ఆర్ అనే సంబంధానికి పేరిచ్చిన మేయర్ ఇంకొకరు. ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ ఆల్కహాళ్లను రంగులతో పట్టిచ్చే పరీక్ష తాలూకు విక్టర్ మేయర్ మూడోవారు. నేనైతే చాలాకాలం ఈ ముగ్గురూ అన్నదమ్ములో, బాబాయి కొడుకులో అనుకున్నాను. మరి ఇంటిపేరు ఒకటే కదా!

లోథర్ 1830లో ఉత్తర జర్మనీలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఫారెల్‌లో పుట్టాడు. రెండోవాడు రాబర్ట్, 1814లో దక్షిణాన హైల్‌బ్రోన్‌లో. విక్టర్ 1848లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో. ఊళ్లే కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే స్పెల్లింగు కూడా ముగ్గురికీ ఒకటి కాదు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి తేడాలన్నీ మాయమై ‘మేయర్’ ఒక్కటే మిగిలింది.

అందుకే ఈ పేరునే నమూనాగా తీసుకుంటున్నాను. ఆమ్‌స్టర్‌డామ్‌లోనో మ్యూనిక్‌లోనో పనిచేస్తూ పక్క సీటు కొలీగ్ ఇంటిపేరు గురించి ఆరా తీసేవాళ్లకు, అమెరికాలో పెళ్లి చేసుకుని అటువైపు వంశవృక్షం కట్టబోయేవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. మేయర్ బదులు యాన్సెన్, ముల్డర్, విస్సర్ ఏది పెట్టుకున్నా దారి ఇదే.

మొదటి అడుగు: రాతలన్నీ ఒకచోట పెట్టుకోండి

ఒక కాగితం మీద ఆ పేరుకు ఉన్న స్పెల్లింగులన్నీ రాయండి. మన పేరుకు ముఖ్యమైనవి ఇవి: ఎం-ఈ-వై-ఈ-ఆర్, ఎం-ఈ-ఐ-ఈ-ఆర్, ఎం-ఏ-వై-ఈ-ఆర్, ఎం-ఏ-ఐ-ఈ-ఆర్, చివర ఈ లేకుండా ఎం-ఏ-వై-ఆర్. ఇవి జర్మన్ రాతలు. డచ్ వాళ్లది ఎం-ఈ-ఐ-జే-ఈ-ఆర్. డచ్‌లో ఐ, జే పక్కపక్కన వస్తే రెండక్షరాల కింద లెక్క కాదు, ఒకటే ధ్వని. పాత చేతిరాతలో ఆ జంట రెండు చుక్కలు పెట్టిన వై లాగే కనిపిస్తుంది. కాబట్టి ఒకే మనిషి ఒక కాగితంలో వైతో, ఇంకో కాగితంలో ఐ-జేతో కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

పలుకుబడి కూడా రాసుకోండి. డచ్ వాళ్ల నోట ఇది దాదాపు మన ‘మేయర్’లాగే వినిపిస్తుంది. జర్మన్లు మాత్రం ‘మైయర్’ అంటారు, రాత ఈతో ఉన్నా ఏతో ఉన్నా సరే. ధ్వని ఒకటే కాబట్టి గుమస్తా తనకు తోచినట్టు రాసేశాడు. ఆ తోచడం అనేది ప్రాంతాన్ని బట్టి ఉండేది, అదే మనకు తర్వాత ఆధారం అవుతుంది.

ముందు ‘డె’, ‘వాన్’ లాంటివి ఉన్న పేర్లతో జాగ్రత్త. నెదర్లాండ్స్‌లో ‘డె మేయర్’ని ఎం కింద వెతకాలి, పక్కనే ఉన్న బెల్జియంలో డీ కింద. ఈ చిన్న సంగతి తెలియక సగం రోజు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

రెండో అడుగు: పేరుకు అర్థం ఒకటేనా, రెండా?

నిఘంటువు చూసి మొదటి అర్థం దగ్గర ఆగిపోతే పని చెడుతుంది. మేయర్‌కు కనీసం రెండు వేర్లున్నాయి.

ఒకటి లాటిన్ ‘మాయోర్’, అంటే పెద్ద. మధ్యయుగాల్లో జమీందారు తరఫున ఒక పెద్ద కమతాన్ని చూసుకుంటూ, చుట్టుపక్కల రైతుల దగ్గర శిస్తు, ధాన్యం వసూలు చేసి పైకి పంపే అధికారిని మైయర్ అనేవారు. మన మునసబు, కరణం, మోతుబరి ముగ్గురినీ కలిపితే ఎలా ఉంటుందో కాస్త అలాంటి మనిషి. 12, 13 శతాబ్దాల్లో ఆ పాత జమీందారీ పద్ధతి విడిపోతూ వచ్చేసరికి చాలాచోట్ల ఈ అధికారే ఆ భూమికి కౌలుదారు అయ్యాడు. తర్వాత్తర్వాత ఉత్తర జర్మనీలో మైయర్ అంటే కౌలు రైతు అనే స్థిరపడింది. డచ్ ప్రాంతాల్లోనూ ఈ రెండు ఛాయలూ ఉన్నాయి. దక్షిణాన బ్రబాంట్‌లో మేయర్ అంటే ప్రభువు తరఫున న్యాయం చూసే అధికారి, అతని ఏలుబడిలోని ప్రాంతం ‘మేయరై’. డెన్ బోస్ చుట్టుపక్కల భూమికి ఆ పేరు నేటికీ ఉంది. ఉత్తరాన ఖ్రోనింగెన్‌లో మేయర్ అంటే వంశపారంపర్యంగా సాగుహక్కు ఉన్న రైతు. మన నగర మేయర్ కూడా ఆ లాటిన్ ‘మాయోర్’ నుంచే ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా వచ్చింది. కాబట్టి కార్పొరేషన్ మేయర్‌కూ ఇంటర్ కెమిస్ట్రీ మేయర్‌కూ పేరులో చుట్టరికం ఉన్నట్టే, రక్తంలో లేకపోయినా.

రెండోది హీబ్రూ ‘మెయిర్’, వెలుగునిచ్చేవాడు అని అర్థం. ఇది యూదుల్లో వ్యక్తిపేరు. తండ్రి పేరు మెయిర్ అయితే, పక్కవాళ్లకు అలవాటైన రాతలో మేయర్ అని నమోదు చేయించుకుంటే ఇబ్బంది ఉండదు. ఇజ్రాయెల్ ప్రధానిగా పనిచేసిన గోల్డా మెయిర్‌ది దీనికి తలకిందుల కథ. పెళ్లితో వచ్చిన ‘మేయర్సన్’ను ఆమె 1956లో హీబ్రూలోకి తిప్పి మెయిర్ చేసుకుంది.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. ఉద్యోగం నుంచి వచ్చిన ఇంటిపేరు ఒక్కచోట పుట్టదు. ఊరికొక మైయర్ ఉంటే ఊరికొక మేయర్ వంశం మొదలవుతుంది. మన దగ్గర కరణం, కమ్మరి అనే ఇంటిపేర్లవాళ్లంతా ఒకే తాత మనవళ్లు కాదు కదా!

మూడో అడుగు: తల లెక్క

నెదర్లాండ్స్‌లో ఇది హాయి. ద హేగ్‌లోని వంశచరిత్ర కేంద్రం సీబీజీ నడిపే ఇంటిపేర్ల బ్యాంకు ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో ఒక పేరు కొడితే 1947 జనగణనలో ఎంతమంది, 2007లో ఎంతమంది అని వస్తుంది, మున్సిపాలిటీల వారీగా మ్యాపు కూడా. మన పేరుకు వై, ఐ-జే రాతలు రెండూ కలిపి 2007లో సుమారు 40 వేల మంది. దేశంలో మొదటి పది, పదకొండు పేర్లలో ఒకటన్నమాట. అన్నిటికన్నా పైనున్న డె యోంగ్ 80 వేలు దాటింది.

రెండు ఏళ్ల అంకెలు ఉన్నాయి కాబట్టి పోల్చి చూడాలి, కానీ ఊరికే పోల్చకూడదు. 1947లో దేశ జనాభా సుమారు 96 లక్షలు, 2007లో కోటీ 64 లక్షలు. అంటే 1.7 రెట్లు. ఒక పేరు కూడా 1.7 రెట్లు పెరిగితే అది ఉన్నచోటే ఉన్నట్టు. అంతకన్నా బాగా ఎక్కువ పెరిగితే బయటి నుంచి వలస వచ్చి ఉండాలి. తక్కువ పెరిగితే మగపిల్లలు లేక ఆగిపోవడమో, దేశం విడిచిపోవడమో, పేరు మార్చుకోవడమో. 1947 అంకెకు ఇంకో బాధాకరమైన పరిమితి ఉంది. అది యుద్ధం తర్వాతి లెక్క. నెదర్లాండ్స్‌లోని సుమారు లక్షా 40 వేల మంది యూదుల్లో లక్ష మందికి పైగా అప్పటికే నాజీల చేతిలో చనిపోయారు. యూదు మూలం ఉన్న పేర్లకు ఆ అంకె చూసి ‘మొదటి నుంచీ ఇంతే’ అనుకోవద్దు.

జర్మనీలో అలాంటి ప్రభుత్వ లెక్క అందరికీ తెరిచి లేదు. పరిశోధకులే టెలిఫోన్ డైరెక్టరీల మీద ఆధారపడ్డారు. ఫ్రైబుర్గ్, మైన్జ్ విశ్వవిద్యాలయాల వాళ్లు తయారుచేసిన జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్‌కు 2005 నాటి ల్యాండ్‌లైన్ కనెక్షన్లే ముడిసరుకు. కనెక్షన్ అంటే ఇల్లు, మనిషి కాదు. కాబట్టి ఆ సంఖ్యను మనుషుల సంఖ్యగా చెప్పేవాళ్లు ఎవరైనా కనిపిస్తే పక్కన పెట్టండి. మామూలు లెక్కల్లో మేయర్ (వైతో) ముల్లర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్‌ల తర్వాత వస్తుంది. అన్ని రాతలూ కలిపితే ర్యాంకు ఇంకా పైకి పోతుంది. అందుకే ర్యాంకు చెప్పేముందు ‘ఏ రాత?’ అని అడగాలి.

ప్రపంచం మొత్తానికి ఒకే పట్టికలో సంఖ్యలు ఇచ్చే సైట్లు కొన్ని ఉన్నాయి. అవి చాలావరకు అంచనాలు. ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి, రాతపూర్వకంగా చెప్పడానికి వద్దు.

నాలుగో అడుగు: మ్యాపును చదవడం

మ్యాపు తెరవగానే ఆమ్‌స్టర్‌డామ్, హాంబుర్గ్, బెర్లిన్ ముదురు రంగులో మెరుస్తాయి. ‘అయితే ఆమ్‌స్టర్‌డామ్ పేరన్నమాట’ అనుకుంటారు. కాదు, అక్కడ జనం ఎక్కువ, అంతే. చూడాల్సింది శాతం. లెక్క కోసం ఊహించుకుందాం: 8 లక్షల మంది ఉన్న నగరంలో 1,600 మంది మేయర్లుంటే 0.2 శాతం. 20 వేల మంది ఉన్న చిన్న ఊళ్లో 120 మందే ఉన్నా 0.6 శాతం. మూలం వెతకాల్సింది ఆ చిన్న ఊళ్లో.

శాతం మ్యాపులో మన పేరు అసలు రంగు బయటపడుతుంది. ఎం పక్కన ఇంగ్లీషు ఈ పెట్టి రాసే మేయర్లు ఉత్తర, వాయవ్య జర్మనీలో చిక్కగా ఉంటారు. ఏతో రాసేవాళ్లు దక్షిణాన, వుర్టెంబెర్గ్, బవేరియాల వైపు. చివర ఈ ఎగిరిపోయిన రాత బవేరియా, టిరోల్ సొత్తు. ఇప్పుడు మొదటి ముగ్గురినీ మళ్లీ చూడండి. ఫారెల్ లోథర్‌ది ఈ, హైల్‌బ్రోన్ రాబర్ట్‌ది ఏ. పరిణామ శాస్త్రవేత్త ఎర్నస్ట్ మేయర్ 1904లో బవేరియాలోని కెంప్టెన్‌లో పుట్టాడు, ఆయన పేరులో చివరి ఈ లేదు. బెర్లిన్ విక్టర్‌ది మాత్రం ఈతోనే ఉన్నా అది ప్రాంతం చెప్పదు, ఎందుకంటే ఆ కుటుంబానికి మూలం వేరే చోట ఉండొచ్చు. స్పెల్లింగు మొగ్గు మాత్రమే చూపిస్తుంది, తీర్పు ఇవ్వదు.

పొడుగు పేర్లను వదలకండి. నీమేయర్ అంటే కొత్త మేయర్, ఓబర్‌మైయర్ అంటే ఎగువ మేయర్, నీడర్‌మైయర్ దిగువవాడు. ఒకే ఊళ్లో మేయర్లు ఎక్కువైతే తేడా తెలియడానికి పెట్టిన తోకలు ఇవి. ఇంత పొడుగు పేరుకు జనం తక్కువ, కాబట్టి మూల గ్రామం దొరికే అవకాశం ఎక్కువ. సాదా మేయర్‌తో కుస్తీ పట్టేకన్నా ఇవి చాలా సుఖం.

ఐదో అడుగు: ఎప్పుడు స్థిరపడిందో చూడండి

పేరు ఉన్న తేదీకీ, పేరు చట్టప్రకారం గడ్డకట్టిన తేదీకీ తేడా ఉంది. నెదర్లాండ్స్‌ను 1810లో నెపోలియన్ తన సామ్రాజ్యంలో కలుపుకున్నాడు. 1811 ఆగస్టు 18 నాటి ఉత్తర్వుతో ఇంటిపేరు లేనివాళ్లంతా ఒకటి నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. అందరూ వెంటనే కదల్లేదు, 1825లో రాజు మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఫ్రెంచివాళ్లను ఎగతాళి చేయడానికే జనం వింత పేర్లు పెట్టుకున్నారని ఒక కథ ఉంది, ‘నాక్ట్‌ఖెబోరెన్’ (బట్టల్లేకుండా పుట్టినవాడు) దానికి ఇష్టమైన ఉదాహరణ. నమ్మకండి. అది ‘తండ్రి పోయాక పుట్టినవాడు’ అనే జర్మన్ మాట వంకర తిరిగి అలా అయిందన్నది నామశాస్త్రజ్ఞుల మాట. చాలామందికి అప్పటికే ఇంటిపేర్లు ఉన్నాయి. ఫ్రీస్‌లాండ్ లాంటిచోట్ల, యూదుల్లో మాత్రం నిజంగానే కొత్తగా తీసుకున్నారు.

యూదుల విషయంలో తేదీలు వేరుగా గుర్తుంచుకోవాలి: ఆస్ట్రియాలో 1787, ఫ్రెంచి పాలనలో 1808, ప్రష్యాలో 1812. మీరు వెతికే మేయర్ కుటుంబం ఈ తేదీలకు ముందు తండ్రి పేరుతో, తర్వాత మేయర్‌గా కనిపిస్తే అది హీబ్రూ మెయిర్ అనుకోవడానికి బలమైన కారణం దొరికినట్టే.

ఆరో అడుగు: కాగితాలు

డచ్ పౌర నమోదు 1811 నుంచి, దక్షిణాన లింబుర్గ్‌లో ఇంకా ముందే మొదలైంది. జననాలు 100 ఏళ్లు, పెళ్లిళ్లు 75 ఏళ్లు, మరణాలు 50 ఏళ్లు దాటితే అందరికీ అందుబాటులోకి వస్తాయి. జర్మనీలో 110, 80, 30. జర్మన్ సామ్రాజ్యమంతటా పౌర నమోదు 1876లో మొదలైంది. రైన్ నదికి ఎడమ ఒడ్డున ఫ్రెంచివాళ్ల పుణ్యమా అని 1798 నుంచే ఉంది. అంతకుముందువన్నీ చర్చి పుస్తకాలే. ప్రొటెస్టెంట్‌వి ఆర్కియన్ అనే సైట్‌లో డబ్బు కట్టి చూడాలి, కాథలిక్‌వి మాట్రిక్యులా సైట్‌లో ఉచితం. డచ్ వాటికి వీవాస్‌వీ, ఓపెన్ ఆర్కీవెన్ సైట్లు చాలు.

జర్మన్ పాత చేతిరాత కుర్రెంట్ చదవడం వస్తే సగం పని అయినట్టే. అందులో చిన్న ఈ అచ్చం ఎన్‌లా ఉంటుంది. మేయర్ అని రాసినచోట మొదటిసారి చూసిన కంటికి ఎం, ఎన్, చుక్కల వై, ఎన్, ఆర్ కనిపిస్తాయి. ‘ఇదేం పేరు’ అని పేజీ తిప్పేస్తాం. ఒక పది వరసలు తీసుకుని ప్రతి ఈని పెన్సిలుతో చుట్టండి. పదకొండో వరసకు కన్ను అలవాటవుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే మేయర్లకు ఒక నిధి ఉంది, ఆ నగర అభిలేఖాగారంలోని పెళ్లి నిశ్చయ రిజిస్టర్లు. 1565 నుంచి 1811 దాకా ఉన్నాయి. వరుడి పేరు పక్కనే ‘ఫలానా ఊరి నుంచి’ అని, పని, వయసు, ఉంటున్న వీధి, తల్లిదండ్రులు బతికున్నారో లేదో రాసి ఉంటుంది. చూసుకుంటూ పోతే ఊరి దగ్గర ‘ఓసెన్‌బ్రుగ్’ లాంటిది మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఓస్నాబ్రుక్, డచ్ చెవికి వినిపించినట్టు. వెస్ట్‌ఫాలియా, ఓస్నాబ్రుక్‌ల నుంచి ప్రతి వేసవీ గడ్డి కోయడానికి, పీట్ (పొయ్యిలోకి వాడే బురదనేల మట్టి) తవ్వడానికి హాలండ్‌కు కూలీలు గుంపులుగా నడిచి వచ్చేవారు, వాళ్లను ‘హాలండ్‌గెంగర్’ అనేవారు. మన పాలమూరు వలసలాంటిదే. కొందరు తిరిగి వెళ్లలేదు. ఇప్పటి డచ్ మేయర్లలో కొందరి ముత్తాతలు అలా వచ్చినవారే.

బట్టలు మూట కట్టుకుని అమ్ముకుంటూ వచ్చినవాళ్లూ ఉన్నారు. వెస్ట్‌ఫాలియాలోని మెట్టింగెన్ నుంచి వచ్చిన బ్రెన్నింక్‌మేయర్ సోదరులు క్లెమెన్స్, అగస్ట్ 1841లో ఫ్రీస్‌లాండ్‌లోని స్నేక్‌లో పెట్టిన దుకాణమే నేటి సీ అండ్ ఏ బట్టల షాపుల సంస్థ. ఆ కుటుంబానికి సరిహద్దు ఇటు ఐ-జే రాత, అటు వై రాత.

ఏడో అడుగు: కమతం పేరు ఉచ్చు

ఇది చాలామందిని ముంచుతుంది, అందుకే విడిగా చెబుతున్నాను. వెస్ట్‌ఫాలియాలో, సరిహద్దు ఇవతల ట్వెంటె, ఆఖ్టర్‌హుక్ ప్రాంతాల్లో ఇంటిపేరు మనిషిది కాదు, కమతానిది. ఆడపిల్ల వారసురాలైన ఇంటికి అల్లుడు వస్తే అతను తన పేరు వదిలి ఆ ఇంటి పేరు పెట్టుకునేవాడు. మన ఇల్లరికపు అల్లుడు మామగారి పొలం దున్నినా తన ఇంటిపేరు తనదే. అక్కడ మాత్రం ‘ఇంటిపేరు’ అక్షరాలా ఇంటికే అంటుకుని ఉంటుంది. రికార్డులో ‘ఫలానా, గెనాంట్ మేయర్’ అని ఉంటే మేయర్ అని పిలవబడేవాడు, పుట్టుక వేరే అని అర్థం. ఆ ‘గెనాంట్’ను చాలాసార్లు ‘గెన్.’ అని పొట్టిగా రాస్తారు. అది చూడకుండా దాటిపోతే తండ్రి వరస అనుకుని తల్లి వరస ఎక్కేస్తారు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై-డీఎన్‌ఏ పరీక్షలో ఇద్దరు మేయర్లు ఎందుకు కలవలేదని టెన్షన్ పడేవాళ్లు ముందు ఈ మాట కోసం వెతకాలి.

మేయర్ వంశ చిహ్నం అని కవచం బొమ్మ ఫ్రేము కట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. చిహ్నం ఒక కుటుంబానికి ఉంటుంది, ఇంటిపేరుకు ఉండదు. డబ్బు దండగ.

ఎనిమిదో అడుగు: సముద్రం దాటినవాళ్లు

మిషిగన్‌లో ఉండే మనవాళ్లు సరుకులకు వెళ్లే మైయర్ స్టోర్ డచ్ రాతలోనే ఉంది. హెంగెలో నుంచి 1907లో అమెరికా చేరిన హెండ్రిక్ మేయర్ మంగలి పని చేసి, 1934లో గ్రీన్‌విల్‌లో కిరాణా తెరిచాడు. సియాటెల్ వైపు ఉండేవాళ్లు వెళ్లే ఫ్రెడ్ మేయర్ వై రాత.

అమెరికా పాత రికార్డుల సూచికల్లో ఒక గమ్మత్తు ఉంది. అవి సౌండెక్స్ అనే పద్ధతిలో పేర్లను కోడ్లుగా మారుస్తాయి. అచ్చులు, వై పోతాయి కాబట్టి జర్మన్ రాతలన్నీ ఎం 600 కింద పడతాయి. డచ్ రాతలో జే ఉంది, దానికి 2 అంకె వస్తుంది, కోడ్ ఎం 260 అవుతుంది. అంటే ఒకే ఇంట్లో అన్న వైతో, తమ్ముడు జేతో రాసుకుంటే ఇద్దరూ వేరు వేరు డబ్బాల్లో ఉంటారు. రెండు కోడ్లూ వెతకండి.

మన వైపు వచ్చినవాళ్ల సంగతి చివరగా. డచ్ ఈస్టిండియా కంపెనీ జీతాల పుస్తకాల నుంచి తీసిన పెద్ద డేటాబేస్ ద హేగ్ జాతీయ అభిలేఖాగారంలో ఉంది. నావికుడు, సైనికుడు ఏ ఊరివాడు, ఏ ఓడ ఎక్కాడు, చివరికి ఏమయ్యాడు అన్నీ దొరుకుతాయి. కంపెనీ మనుషుల్లో జర్మన్ రాజ్యాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది, కాబట్టి డచ్ జాబితాలో జర్మన్ మేయర్లు తగలడం మామూలే. అయితే అది 1699 నుంచి 1794 దాకా మాత్రమే. బందరులో డచ్చివారి స్థావరం 1600ల మొదట్లోదే. వలందపాలెం పేరులోని వలందులు ఆ హాలండర్లే. అక్కడి సమాధుల మీద 17వ శతాబ్దపు పేరు ఏదైనా మీకు దొరికితే ఈ డేటాబేస్‌లో లేదని నిరాశ పడొద్దు, కాలం సరిపోదు. భీమిలి శ్మశానంలోని తర్వాతి కాలపు రాళ్లకు మాత్రం ప్రయత్నించొచ్చు. ఫొటో తీసేటప్పుడు పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు తీయండి. నడినెత్తిన ఎండలో వై మీద చుక్కలు కనపడవు.